పరీక్ష చేసింది ఏ కుళాయి నీళ్లో చెప్పండి

సంపాదకుల గారికి నమస్కారం.

మీ పత్రిక జిల్లా పేజీలో మొన్న ఒక చిన్న వార్త చూశాను. మా మండలంలో తీసిన మంచినీటి నమూనాలన్నీ పరీక్షలో పాసయ్యాయని, జనం భయపడాల్సిన పని లేదని అధికారులు చెప్పినట్టు రాశారు. ఆ వార్త తప్పని నేను అనటం లేదు. ల్యాబ్‌కి వెళ్లిన సీసాలో నీళ్లు బాగానే ఉండి ఉంటాయి. కానీ ఆ సీసా ఏ కుళాయి దగ్గర పట్టారు, ఏ తేదీన పట్టారు, ఆ రోజు ట్యాంకులో ఉన్నవి నాగార్జున సాగర్ నీళ్లా లేక బోరు నీళ్లా, ఈ సంగతులు వార్తలో లేవు, పంచాయతీలో అడిగినా ఎవరూ చెప్పలేదు. ఇవి తెలియకుండా పాసయ్యాయి అంటే తాగేవాళ్లకు ఏం తెలిసినట్టు? అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగవుతుంది, వీలైతే కోయకుండా వేయండి.

నేను కనిగిరి దగ్గర ఒక పల్లెలో ఉంటాను. బీఎస్సీ చదివాను, పెళ్లయ్యాక ఈ ఊరొచ్చాను, పొదుపు సంఘంలో ఉన్నాను. ఇంటింటికీ కుళాయి ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష కిట్ వాడటం నేర్పించారు కదా, మా ఊళ్లో ఆ ఐదుగురిలో నేనొకదాన్ని. కాబట్టి ఎవరో చెప్పగా విని రాయటం లేదు, కిట్ చేతిలో పట్టుకుని బజారు బజారూ తిరిగి చూసిందే రాస్తున్నాను.

మా వైపు నీళ్ల కష్టం కొత్తది కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లూ ఎముకలూ పాడయ్యే జబ్బు గురించి, డాక్టర్లు మొట్టమొదట 1937లో రాశారు, అది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల మీద. కనిగిరి, పొదిలి అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేవి, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో కదా. అంటే దగ్గర దగ్గర తొంభై ఏళ్లుగా ఈ నీళ్లలో ఏముందో తెలుసు. మా ఊళ్లో నడుము వంగిపోయి, మెడ తిప్పలేక మనిషి మొత్తం పక్కకు తిరిగి చూసే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. గారపళ్లు కనపడతాయని నవ్వేటప్పుడు నోటికి కొంగు అడ్డం పెట్టుకునే ఆడపిల్లలు ఉన్నారు. పళ్లు చిగుళ్ల లోపల తయారయ్యే వయసులో, అంటే పుట్టినప్పటి నుంచి ఏడెనిమిదేళ్ల లోపు తాగిన నీళ్ల వల్ల వచ్చే మచ్చ అది, తర్వాత ఎన్ని మంచి నీళ్లు తాగినా పోదు. ఎముకల్లో పట్టిందానికి అసలు మందే లేదు. నీళ్లు మార్చటమే దారి.

నీళ్లు మార్చారు కూడా, ఆ మాట ఒప్పుకోవాలి. సాగర్ నీళ్లు శుద్ధి చేసి పైపుల్లో మా ఊరి ట్యాంకుదాకా తెచ్చారు. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ తక్కువ, కిట్‌తో చూస్తే లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపే చూపిస్తుంది. మన దేశ ప్రమాణం, ఐఎస్ 10500 అంటారు, దాని ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట మాత్రమే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. మరి ఇబ్బంది ఎక్కడంటే, సాగర్ నీళ్లు రోజూ రావు. కాలువ కట్టేసినప్పుడు, పైపు పగిలినప్పుడు, పంపింగ్ దగ్గర కరెంటు పోయినప్పుడు రెండు రోజులో నాలుగు రోజులో ఆగిపోతాయి. అప్పుడు ఆపరేటర్ ఏం చేస్తాడు? ఊళ్లో పాత బోరు ఆన్ చేసి అదే ట్యాంకులోకి ఎక్కిస్తాడు. నీళ్లు రాకపోతే ఊరంతా అతని మీద పడుతుంది, అతన్ని తప్పు పట్టలేం. కానీ ఆ బోరు ఫ్లోరైడ్ బోరు. అదే ట్యాంకు, అదే పైపు, అవే కుళాయిలు. ఇవాళ వచ్చేది ఏ నీళ్లో బిందె పట్టుకుని నిలబడ్డ మనిషికి తెలిసే దారి లేదు. ఫ్లోరైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. కాచి తాగితే పోతుందని చాలామంది అనుకుంటున్నారు. పోదు సరికదా, నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో ఇంకొంచెం చిక్కబడుతుంది. పసిపిల్లలకు కాచి చల్లార్చిన నీళ్లని పట్టించే తల్లులకు ఈ మాట ఎవరైనా చెప్పారా?

ఇప్పుడు పరీక్ష సంగతి. నమూనా తీయటానికి వచ్చేవాళ్లు మధ్యాహ్నం పూట వస్తారు, మండలంలో ఎన్నో ఊళ్లు తిరగాలి, వాళ్ల తొందర వాళ్లది. పంచాయతీ ఆఫీసు ముందున్న కుళాయి దగ్గర సీసా నింపుతారు. ఆ కుళాయి ట్యాంకుకి నాలుగు అడుగుల దూరం. ట్యాంకులో ఏం కలిపారో అది అక్కడ నిండుగా ఉంటుంది. సాగర్ నీళ్లు ఆగిన రోజున నమూనా తీయటం నేనింతవరకూ చూడలేదు, ఎందుకంటే ఆ రోజు అందరి దృష్టీ నీళ్లు ఎప్పుడొస్తాయన్న దాని మీదే ఉంటుంది. నిబంధన ప్రకారం ఏడాదికి ఒకసారి రసాయన పరీక్ష, వానలకు ముందూ తర్వాతా సూక్ష్మజీవుల పరీక్ష చేయాలి, చేస్తున్నారు, ప్రభుత్వ వెబ్‌సైట్ పోర్టల్‌లో ఎక్కిస్తున్నారు. లెక్కకు అంతా సరిగ్గానే ఉంది. మంచి నీళ్లు మంచి చోట పట్టి మంచి రోజున పరీక్ష చేస్తే మంచి ఫలితమే వస్తుంది కదండీ.

మా ట్యాంకు అరవై వేల లీటర్లది. అక్కడి నుంచి ఒక లైను ఊరి మధ్య బజారుకి, ఇంకో లైను చివర ఎస్సీ కాలనీకి. కాలనీలో ఆఖరి కుళాయి దగ్గరకి నీళ్లు చేరేసరికి ధార పెన్సిల్ లావు కూడా ఉండదు. అందుకని అక్కడివాళ్లు కుళాయిని కిందకి దించుకున్నారు. నేల తవ్వి, మోకాలి లోతు గుంతలో పైపు మూతి పెట్టుకుని, ఆ గుంతలోకి చెంబుతో వంగి పట్టుకుంటారు. గుంత పక్కనే సైడు కాలువ. వాన పడితే గుంత నిండుతుంది, పైపు మూతి ఆ మురుగులో మునిగి ఉంటుంది. నీళ్లు వదిలినప్పుడు లోపలి నుంచి బయటకి వస్తాయి, సరే. వదలటం ఆపగానే, పైన బజార్లో ఎవరో మోటారు పెట్టి లైనులో మిగిలింది లాగుతుంటే, ఈ చివర మురుగు లోపలికి పోతుంది. మర్నాడు మొదటి బిందెలో వచ్చేది అదే. మొదటి రెండు బిందెలు పారబోసుకోండమ్మా అని మేం చెప్తూనే ఉన్నాం, కానీ వచ్చేదే అరగంట, అందులో రెండు బిందెలు పారబోయటానికి ఎవరికి చేతులొస్తాయి?

ఈ చివరి కుళాయి దగ్గరే క్లోరిన్ చూడాలి. ప్రమాణం ఏం చెప్తుందంటే, తాగేవాళ్ల చేతికి వచ్చేటప్పటికి కూడా నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. అది మిగిలి ఉంటే దారిలో కలిసిన క్రిముల్ని కొంతవరకు చంపుతుంది. పరీక్ష చాలా తేలిక. చిన్న గాజు గొట్టంలో గీత దాకా నీళ్లు పట్టి ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే క్లోరిన్ ఉన్నంత మేర పసుపు తిరుగుతుంది, కార్డు మీద రంగుతో పోల్చుకోవటమే. పంచాయతీ ఆఫీసు కుళాయి దగ్గర మంచి పసుపు వస్తుంది. కాలనీ చివర చుక్కలు వేసి వెలుతురుకు ఎత్తి చూస్తే గొట్టం తెల్లగా అలాగే ఉంటుంది. ఒక్కసారి కాదు, చూసిన ప్రతిసారీ ఇంతే. క్రిముల పరీక్షకు ఇంకో సీసా ఇచ్చారు, అందులో నీళ్లు పోసి మూత పెట్టి వెచ్చని చోట ఒకటి రెండు రోజులు ఉంచితే, మలం కలిసిన నీళ్లయితే నల్లబడతాయి. వానాకాలంలో కాలనీ సీసా నల్లబడింది, ఆఫీసు కుళాయి సీసా నల్లబడలేదు. రెండూ ఒకే ట్యాంకు నీళ్లు. పక్కపక్కన కిటికీలో పెట్టి చూపిస్తే సర్పంచి గారు కూడా చాలాసేపు మాట్లాడలేదు.

బ్లీచింగ్ వేసే పద్ధతి కూడా చెప్పాలి. కొత్త బ్లీచింగ్ పొడిలో మూడో వంతు దాకా క్లోరిన్ ఉంటుంది. అరవై వేల లీటర్లలో లీటరుకు రెండు మిల్లీగ్రాముల చొప్పున కలపాలంటే 120 గ్రాముల క్లోరిన్ కావాలి, అంటే 360 గ్రాముల పొడి, ట్యాంకు నింపిన ప్రతిసారీ. బకెట్‌లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైన తేటను ట్యాంకులో పోసి, అరగంట ఆగి నీళ్లు వదలాలి. జరిగేదేమిటంటే, పంపు గదిలో మూతి తెరిచిన సంచి నెలల తరబడి ఉంటుంది, గాలికీ చెమ్మకీ గడ్డలు కట్టి క్లోరిన్ చాలావరకు ఎగిరిపోయి ఉంటుంది. అందులోంచి రెండు గుప్పిళ్లు గుడ్డలో మూట కట్టి తాడుతో ట్యాంకులోకి వేలాడదీస్తారు. తూకం లేదు. సంచి మీద తేదీ చూసేవాళ్లు లేరు. మా ఆపరేటర్‌కి ఒక చిన్న కాటా, ఒక మూత ఉన్న డ్రమ్ము ఇప్పించమని అడిగితే బడ్జెట్ లేదన్నారు. 15వ ఆర్థిక సంఘం 2021-26 సంవత్సరాలకు పంచాయతీలకిచ్చిన డబ్బులో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలని షరతు పెట్టింది, అందులో సగం తాగునీటిదే. అంత డబ్బులో ఒక కాటా కొనలేమంటే నమ్మమంటారా?

ఆపరేటర్ గురించి ఒక మాట. అతనికి జీతం చాలా తక్కువ, అది కూడా నెలనెలా రాదు. ఊళ్లో పైపు పగిలితే అతనే, మోటారు కాలితే అతనే, వీధి లైటు పోయినా అతన్నే పిలుస్తారు. క్లోరిన్ ఎందుకో, ఎంతో అతనికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. పైగా కాస్త ఎక్కువ వేస్తే మందు వాసన వస్తోందని మనమే తిడతాం. కాసేపు మూత తీసి బిందెలో ఉంచితే ఆ వాసన పోతుందని తెలియక, మధ్య బజారువాళ్లు గొడవ చేస్తే అతను మూట తగ్గించేశాడు. దాని ఫలితం అనుభవించేది కాలనీవాళ్లు. వాసన లేకపోతే నీళ్లు మంచివని మన ఊళ్లలో ఒక నమ్మకం పాతుకుపోయింది, దాన్ని ముందు పోగొట్టాలి.

ప్లాంటు నీళ్లు తాగండి, గొడవ లేదు అనేవాళ్లున్నారు. కొనగలిగినవాళ్లు కొంటున్నారు. ఆర్వో ఫ్లోరైడ్‌ని తీసేస్తుంది, నిజమే, లోపల పొర సరిగ్గా ఉన్నంతకాలం. ఆ పొర ఎప్పుడు మార్చారు అని అడిగితే ప్లాంటువాళ్లు టీడీఎస్ మీటరు ముంచి నంబరు చూపిస్తారు. ఆ మీటరు నీళ్లలో మొత్తం లవణాలు ఎన్ని ఉన్నాయో చెప్తుంది, అంతే. ఫ్లోరైడ్ ఎంతో విడిగా చెప్పదు, క్రిముల గురించి అసలే చెప్పదు. ఆర్వో నీళ్లలో క్లోరిన్ ఉండదు కాబట్టి కడగని క్యాన్‌లో పోస్తే రెండో రోజుకే పాడవుతాయి. ఇక ప్లాంటు నుంచి బయటకు వదిలే నీళ్లు, అంటే ఫ్లోరైడ్ చిక్కబడ్డ నీళ్లు, పక్కన గుంతలోకి పోయి మళ్లీ భూమిలోకే ఇంకుతున్నాయి. కూలికి పోయే ఇంట్లో రోజుకొక క్యాన్ కొనటం కుదరదు, పెద్దవాళ్లు బోరు నీళ్లు తాగి పిల్లల వరకు క్యాన్ నీళ్లు పోసే ఇళ్లు నాకు తెలుసు. అందరికీ వచ్చే కుళాయి బాగుపడాలి, వేరే దారి లేదు.

ఇంకో సంగతి నన్ను చాలా బాధపెడుతుంది. అమ్మే సీసా నీళ్లకు ఆహార భద్రత చట్టం వర్తిస్తుంది, తేడా వస్తే కేసు పెట్టొచ్చు. పంచాయతీ కుళాయిలో వచ్చే నీళ్లు ఐఎస్ 10500కి సరిపోవాలని ప్రభుత్వం చెప్తుంది కానీ, సరిపోకపోతే ఫలానావాళ్లు బాధ్యులు అని పట్టుకునే చట్టం లేదు. సురక్షితమైన తాగునీరు 21వ అధికరణం కింద ప్రాణహక్కులో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది, అది కూడా మన హైదరాబాద్ హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ చెరువులకు సంబంధించిన కేసులోనే. ఆ హక్కు మా కాలనీ గుంతదాకా రావాలి. మా ఆడపడుచు టెక్సస్‌లో ఉంటుంది. అక్కడ నీళ్లిచ్చే ప్రతి సంస్థా ఏటా జూలై 1 లోపు ఒక రిపోర్టు జనానికి ఇవ్వాలట. నీళ్లు ఎక్కడివి, ఏమేం దొరికాయి, ఎంత ఉండొచ్చు, ఎంత ఉన్నాయి, ఎప్పుడైనా పరిమితి దాటాయా, అన్నీ అందులో ఉంటాయి. ఏడాది పొడవునా ఉండే పాతికమందికి నీళ్లిచ్చే చిన్న స్కీముకు కూడా ఇదే రూలు. మా ఊళ్లో అంతకంటే ఎన్నో రెట్ల మంది ఉన్నాం. డబ్బున్న దేశమని కొట్టిపారేయకండి, మన దగ్గర కూడా పరీక్ష జరుగుతోంది, ఫలితం ఉంది, అది పోర్టల్‌లో ఉండిపోతోంది. స్మార్ట్‌ఫోను లేని ముసలమ్మకు పోర్టల్ ఏం చెప్తుంది?

2018లో గుంటూరులో తాగునీళ్లు కలుషితమై అతిసారంతో ప్రాణాలు పోయాయి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో మళ్లీ అదే. మంత్రులు వచ్చారు, వైద్య శిబిరాలు పెట్టారు, ట్యాంకర్లు తిరిగాయి, పైపులు వెతికారు. ఇదంతా జనం చచ్చిపోయాక. మా కిటికీలో ఆ సీసా నల్లబడ్డ రోజున ఎవరికి ఫోన్ చేయాలో మాకు చెప్పిన మనిషి లేడు. చేసిన ఫోన్‌కి, చూస్తామమ్మా అన్నారు. రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఆ నీళ్లు తాగే ఇళ్లలో పొత్తిళ్లలో బిడ్డలున్నారు.

కాబట్టి మేం అడిగేది పెద్ద స్కీము కాదు, కోట్ల ఖర్చు కాదు. ట్యాంకు దగ్గర ఒక నల్లబోర్డు, కాలనీలో ఒక నల్లబోర్డు. ఇవాళ వచ్చేది సాగర్ నీళ్లా బోరు నీళ్లా అని ఆపరేటర్ పొద్దున్నే సుద్దముక్కతో రాయాలి, బోరు నీళ్లయితే తాగటానికీ వంటకీ వద్దు అని కింద రాయాలి. వారానికోసారి చివరి కుళాయి దగ్గర క్లోరిన్ ఎంతో మేమే చూసి రాస్తాం, మాకు జీతం కూడా వద్దు, మందు అయిపోతే కిట్‌లోకి మందు పంపండి చాలు. ల్యాబ్ నుంచి ఫలితం వచ్చినప్పుడు ఏ కుళాయి, ఏ తేదీ, ఫ్లోరైడ్ ఎంత, నైట్రేట్ ఎంత, క్రిములు ఉన్నాయా లేవా, ఇంత వరకు తెలుగులో రాసి అతికించండి. నమూనా ఊరి చివర కుళాయి నుంచే తీయాలని, సాగర్ నీళ్లు ఆగిన రోజుల్లో కూడా ఒకసారైనా తీయాలని మండలం ఆఫీసు నుంచి ఒక్క ఆర్డరు వస్తే సరిపోతుంది. కుళాయి గుంతలు పూడ్చి, దిమ్మె కట్టి కుళాయిని పైకి లేపాలి, దానికి ముందు మధ్య బజారు మోటార్లు తీయించాలి, ఇది పంచాయతీ గట్టిగా నిలబడితే తప్ప జరగదు, ఓట్లు పోతాయని భయపడితే ఎన్నటికీ జరగదు.

మీ విలేకరులకు కూడా ఒక మనవి. అధికారులు ఇచ్చిన ప్రకటన వేసే ముందు, నమూనాలు ఎక్కడ తీశారని ఒక్క ప్రశ్న అడగండి. మీరు అడిగితే జవాబు చెప్తారు, మేం అడిగితే చెప్పరు. వానాకాలం మొదలయ్యాక అయినా, ఎండాకాలంలో కాలువ కట్టేశాక అయినా, మీ మనిషి ఒకరు మా వైపు వస్తే కిట్ పట్టుకుని నేనే వెంట తిరిగి చూపిస్తాను.

నా పేరు వేసినా పర్వాలేదు కానీ ఊరి పేరు మాత్రం వేయకండి. వేస్తే ముందు ఆపరేటర్‌ని తీసేస్తారు, పాపం అతనికి ఇద్దరు చిన్నపిల్లలు, వాళ్లు తాగేది కూడా ఈ ట్యాంకు నీళ్లే.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కనిగిరి ప్రాంతం